ఆకాశానికీ ఒక గ్రంథాలయం కావాలి

హైదరాబాద్‌లో 1901లో రెండు పనులు మొదలయ్యాయి. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు పూనుకొని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించారు. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన నిజాం రాజధానిలో, ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకోగల చోటు అది. అదే ఏడాది నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో ఒక వేధశాలకు శ్రీకారం చుట్టారు. నిజాం పేరు మీదుగా దానికి నిజామియా వేధశాల అన్న పేరు వచ్చింది. 1908లో సర్కారు దాన్ని తన చేతిలోకి తీసుకుంది, తర్వాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

భాషానిలయం సుల్తాన్‌బజార్‌లో ఇప్పటికీ ఉంది. వేధశాల మూతపడి చాలా కాలమైంది. దాని పాత కట్టడం బేగంపేటలో శిథిలమవుతోంది.

నేను మాదాపూర్‌లో డేటా ఇంజినీర్ని. బ్యాంకు లావాదేవీల లెక్కలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి తప్పుపోకుండా చేరేలా చూడటం నా ఉద్యోగం. ఆ పని అయ్యాక రాత్రిపూట హబుల్, జేమ్స్ వెబ్, మన ఆస్ట్రోశాట్ పంపిన ఫైళ్లు తెరిచి చూస్తాను. కొన్నేళ్లుగా చూస్తున్నాక నాకు గట్టిగా అనిపిస్తున్న మాట ఒకటే. 1901లో ఈ ఊరు విడివిడిగా మొదలుపెట్టిన ఆ రెండు పనులనూ ఇప్పుడు ఒకచోటికి తేవాలి. అంతరిక్ష టెలిస్కోపుల సమాచారాన్ని మామూలు మనుషులు వచ్చి తెరిచి చదువుకునే ఒక గది హైటెక్ సిటీలో ఉండాలి. ఫొటోలు చూపించే గది చాలదు, చదవడం నేర్పే గది కావాలి.

చూడటానికీ చదవడానికీ ఉన్న తేడా మా ఆఫీసు క్యాంటీన్‌లో నాకు తరచూ ఎదురవుతుంది. 2022 జూలైలో వెబ్ తొలి చిత్రాలు వచ్చినప్పుడు అందరి ఫోన్లలోనూ అవే. కెరీనా నీహారిక గోధుమరంగు కొండల్లా మెరుస్తుంటే మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు: "అక్కా, ఇవన్నీ గ్రాఫిక్సే కదా?" అడగాల్సిన ప్రశ్నే. ఆ రోజు సాయంత్రం అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని అసలు ఫైలు తెరిచాను. తెర మీద నలుపూ తెలుపూ తప్ప ఏమీ లేదు. ప్రతి చుక్క వెనకా ఒక అంకె ఉంటుంది. ఆ చోటి నుంచి ఎంత కాంతి వచ్చిందో చెప్పే అంకె.

టెలిస్కోపు కెమెరాకు రంగులు తెలియవు. దాని ముందు ఒక ఫిల్టరు పెడితే ఆ ఫిల్టరు వదిలిన కాంతిని మాత్రమే లెక్కపెడుతుంది. ఒకే చోటును వేరువేరు ఫిల్టర్లతో మళ్లీ మళ్లీ తీస్తారు. వెబ్ పట్టేది ముఖ్యంగా మన కంటికి అందని పరారుణ కాంతి. అందులో పొడవైన తరంగానికి ఎరుపు, పొట్టిదానికి నీలం, నడిమిదానికి పచ్చ కేటాయించి ఒకదాని మీద ఒకటి పరుస్తారు. మనం చూసే బొమ్మ అలా తయారవుతుంది. రంగు మనం ఎంచి పెట్టినదే, కానీ ఏ చోట ఏ కాంతి ఎక్కువ ఉందన్నది మాత్రం కొలిచి తెలుసుకున్నది. బాగా ప్రకాశించే నక్షత్రం నడిబొడ్డున ఆ ఫైలులో నల్లటి రంధ్రం కనిపిస్తే మా కుర్రాడు కృష్ణబిలం అనుకున్నాడు. కాదు, అక్కడ కాంతి మరీ ఎక్కువై కెమెరా లెక్క తప్పింది, అందుకే ఆ చోటును ఖాళీగా వదిలేశారు. ఇవన్నీ చూశాక అతను మళ్లీ గ్రాఫిక్స్ అన్న మాట ఎత్తలేదు. మరో నీహారిక ఫైలు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

ఎక్కడ దొరుకుతుంది? అందరికీ దొరుకుతుంది. హబుల్, వెబ్ ఫైళ్లు బాల్టిమోర్‌లోని భాండాగారంలో ఉన్నాయి. పరిశీలన కోరిన శాస్త్రవేత్తలకు సాధారణంగా కొన్ని నెలల నుంచి ఏడాది దాకా గడువు ఇస్తారు, ఆ తర్వాత ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చు. మన ఆస్ట్రోశాట్ ఫైళ్లను ఇస్రో 2018 నుంచి అందరికీ తెరిచింది. వాటిని చదివే సాఫ్ట్‌వేరూ ఉచితమే. పైథాన్ వచ్చినవాళ్లకు ఆస్ట్రోపై అన్న లైబ్రరీ ఉంది. రాయదుర్గం నుంచి గచ్చిబౌలి దాకా పైథాన్ రానివాళ్లను వెతకడమే కష్టం.

అంతరిక్షానికే టెలిస్కోపు ఎందుకు పంపాలని అడిగేవాళ్లుంటారు. మన గాలి ఎక్స్‌రేలనూ అతినీలలోహిత కాంతిలో చాలా భాగాన్నీ కిందికి రానివ్వదు, పరారుణంలోనూ చాలా మింగేస్తుంది. వచ్చిన కాంతిని కూడా కదిలించి చెదరగొడుతుంది. నక్షత్రం మిణుకుమనడం అదే. గాలిని దాటి పైకి వెళ్తే చిన్న అద్దం కూడా పెద్ద పని చేస్తుంది. ఇది మన సొంత అనుభవమే.

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద వెళ్లింది. బరువు 1,515 కిలోలు, భూమికి 650 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. దాని మీది అతినీలలోహిత టెలిస్కోపు అద్దం అడ్డుకొలత 37.5 సెంటీమీటర్లు. హబుల్ అద్దం 2.4 మీటర్లు. 2016 అక్టోబరులో ఆస్ట్రోశాట్ ఒకే చోటును 28 గంటలకు పైగా చూసింది. అక్కడ 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వచ్చిన అతినీలలోహిత కాంతి దొరికింది. ఆ గెలాక్సీ పేరు ఏయూడీఎఫ్ఎస్01. పుణెలోని ఐయూకా శాస్త్రవేత్త కనక్ సాహా నాయకత్వంలోని బృందం ఈ సంగతిని 2020లో నేచర్ ఆస్ట్రానమీలో ప్రకటించింది. హబుల్ చూసిన ప్రాంతమే అది, కానీ ఈ కాంతి దానికి చిక్కలేదు. మన డిటెక్టరులో సొంత రొద చాలా తక్కువ కావడం వల్ల అంత సన్నని వెలుగు విడిగా తెలిసింది. అద్దం చిన్నదైనా నిశ్శబ్దంగా ఉంటే వినగలదని ఆ పరిశోధన పత్రం చదివి తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఇదే టెలిస్కోపుతో చేసిన మరో పని నాకు ఇంకా ఇష్టం. భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఎన్. కామేశ్వరరావు గారు, ఆయన సహచరులు ముసలి నక్షత్రాలు ఊదేసిన నీహారికలను అతినీలలోహితంలో చూశారు. ఎన్‌జీసీ 40 అన్న నీహారిక చుట్టూ, మామూలు వెలుగులో ఎవరికీ కనిపించని ఒక పెద్ద పరివేషం బయటపడింది. ఎప్పుడో నక్షత్రం వదిలేసి చల్లారిన హైడ్రోజన్ అణువులు, నడిమి తెల్లని వేడి నక్షత్రం కాంతి తగిలి మళ్లీ వెలగడమే దానికి కారణం కావచ్చన్నారు. సీతాకోకచిలుక నీహారిక చుట్టూ కూడా ఇలాంటిదే దొరికింది. వందేళ్లకు పైగా చూస్తున్న వస్తువులు ఇవి. వాటి అసలు విస్తీర్ణం ఇన్నాళ్లకు తెలిసింది.

కామేశ్వరరావు గారు దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన నక్షత్రాలు ఇంకా విచిత్రమైనవి. ఉత్తర కిరీటం అనే నక్షత్రరాశిలో ఆర్ అనే నక్షత్రం ఉంది. ఎప్పుడూ ఒకే తీరుగా వెలుగుతూ ఉండి, ఏ సూచనా లేకుండా కొన్ని వారాల్లో వెయ్యి రెట్లకు పైగా మసకబారిపోతుంది. దానిలో హైడ్రోజన్ దాదాపు లేదు, కార్బన్ ఎక్కువ. ఒంటి నుంచి కార్బన్ మసిని వదిలి, ఆ మసి వెనక తానే దాక్కుంటుంది. అలాంటి నక్షత్రాలు మన గెలాక్సీలో తెలిసినవే బహు కొద్ది. పీతనీహారిక నడుమ సెకనుకు 30 సార్లు తిరిగే పల్సార్ మరో వింత. 1054లో చైనావాళ్లు ఆకాశంలో చూసిన పేలుడు మిగిల్చినదది. దాని ఎక్స్‌రేల ధ్రువణం, అంటే తరంగాలు ఊగే దిశ, ఒక్కో చుట్టులోనే ఎలా మారుతోందో ఆస్ట్రోశాట్ కొలిచింది, ఆ ఫలితం 2017లో వచ్చింది. ఇప్పుడు 2024 జనవరి 1న వెళ్లిన ఎక్స్‌పోశాట్ ముఖ్యంగా ధ్రువణం కొలవడానికి పంపినదే. అదీ శ్రీహరికోట నుంచే.

మన గడప నుంచి ఎగిరిన టెలిస్కోపులు తెచ్చిన కబుర్లు మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసు?

ఇక నిజామియా దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ నగరానికి ఈ పనిలో హక్కు ఉందని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. 1887లో పారిస్‌లో జరిగిన సమావేశం ఆకాశాన్నంతా ఫొటో తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని తీర్మానించింది. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో వేధశాలకు ఒక్కోటి అప్పగించారు. చిలీలోని శాంటియాగో వేధశాల తన వంతు చేయలేకపోయింది. ఆ పట్టీ, అంటే ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా, హైదరాబాద్‌కు వచ్చింది. 8 అంగుళాల కుక్ కెమెరాతో గాజుఫలకాల మీద రాత్రుళ్లు ఫొటోలు తీశారు. 1914 నుంచి 1929 దాకా ఆ ఒక్క పట్టీకే వెయ్యికి పైగా ఫలకాలు పట్టాయి. తర్వాత ఉత్తరాన మరో పట్టీ కూడా భుజాన వేసుకున్నారు. ఒక్కో ఫలకం మీదా ముద్రించిన సన్నని గళ్లలో, భూతద్దం కింద, ఒక్కో చుక్క ఎక్కడుందో చేత్తో కొలిచి రాశారు. అలా లక్షల నక్షత్రాలు. 1918 నుంచి 1944 దాకా సంచాలకుడిగా ఉన్న టి.పి. భాస్కరన్ కాలంలో ఈ పని ఎక్కువగా సాగింది. అక్కడే సహాయకుడిగా పనిచేసిన వ్యక్తి కొడుకు వేణు బాప్పు, నిజాం కాలేజీలో చదివి, 1949లో హార్వర్డ్‌లో ఉండగా ఒక తోకచుక్కను కనిపెట్టి, ఆనక భారత ఖగోళశాస్త్రాన్నే నిలబెట్టారు.

ఆ అంకెలు ఎక్కడికి పోయాయి? అంతరిక్షానికి పోయాయి. ఇది నేను అలంకారంగా చెప్పడం లేదు. యూరప్ వాళ్ల హిప్పార్కోస్ ఉపగ్రహం 1989లో ఎగిరి 1993 దాకా నక్షత్రాల స్థానాలను ఎన్నడూ లేనంత కచ్చితంగా కొలిచింది. కానీ నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే రెండు కొలతల నడుమ కాలం బాగా గడవాలి. ఉపగ్రహం చూసింది మూడున్నరేళ్లే. అందుకని శాస్త్రవేత్తలు పాత గాజుఫలకాల పట్టికలు తీశారు. శతాబ్దం మొదట్లో ఎక్కడుంది, ఉపగ్రహం చూసినప్పుడు ఎక్కడుంది, ఈ రెంటినీ పోల్చి 2000లో సుమారు 25 లక్షల నక్షత్రాల కదలికలతో టైకో-2 అన్న పట్టికను వెలువరించారు. అందులో దక్షిణపు ఆ పట్టీలోని నక్షత్రాలకు పాత కొలత బేగంపేటలో రాసినది. ఆ చేతిరాత అంకెలు లేకపోతే ఆకాశంలో ఆ ముక్కలోని ఎన్నో నక్షత్రాలకు అంత పాత సాక్ష్యం దొరికేది కాదు.

ఆ పట్టీ ఎక్కడుందో మన రైతులకు చెబితే వెంటనే పోల్చుకుంటారు. హస్త నక్షత్రం నాలుగు చుక్కలూ ఆ పట్టీలోనో దాని అంచుల్లోనో ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిది, పది గంటలకు దక్షిణం వైపు సగం ఎత్తుకు పైన కొంచెం వంకర చతురస్రంలా కనిపిస్తుంది. వాన కురిసి వెలిసిన రాత్రి మాదాపూర్ దీపాల మధ్య కూడా ఆ నాలుగూ దొరుకుతాయి. వాటికి కాస్త పక్కనే, కంటికి అందని చోట, రెండు గెలాక్సీలు ఒకదాన్నొకటి ఢీకొని కలిసిపోతున్నాయి. యాంటెనా గెలాక్సీలంటారు. సుమారు ఏడు కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఆ తాకిడికి వాయుమేఘాలు నలిగి కొత్త నక్షత్రాలు గుంపులు గుంపులుగా పుడుతున్నాయి. అలాంటి గుంపులు వెయ్యికి పైగా ఉన్నట్టు హబుల్ చూపించింది. బేగంపేటవాళ్లు ఫలకం మీద ఆ చుట్టుపక్కల చుక్కలను కొలిచినప్పుడు వాటి నడుమ జరుగుతున్న ఈ సంగతి వాళ్ల కెమెరాకు అందనిది.

యాంటెనా గెలాక్సీల హబుల్ ఫైళ్లతోనే నేను కొత్తవాళ్లకు నేర్పడం మొదలుపెడతాను. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోర్సులు నేర్చుకునే అమ్మాయిలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తారు. వాళ్లలో పాలమూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి మొదటిరోజు ఫైలు దిగుతుంటే అడిగింది: "అక్కా, గిది ఎవరు పడితే వాళ్లు తీస్కోవచ్చా? పర్మిషన్ ఎవర్ని అడగాలె?" ఎవర్నీ అడగక్కర్లేదన్నాను. ఆ మాట నమ్మడానికి ఆమెకు కాసేపు పట్టింది. బొమ్మ నిండా సన్నని తెల్లటి గీతలుంటే అవేమిటని అడిగింది. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు డిటెక్టరుకు తగిలిన జాడలవి. ఒకే చోటును రెండుసార్లు తీసిన ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూస్తే గెలాక్సీ రెండింటిలోనూ ఉంటుంది, గీత ఒకదానిలోనే ఉంటుంది. ఆ అమ్మాయి రెండు ఫైళ్లనూ పోల్చి గీతలను తీసేసే కోడ్ తనే రాసుకుంది. ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టిన పైథాన్ ఒక పని చేసి చూపడం ఆమెకు అదే మొదటిసారి. మేఘాలు తేటపడి చుక్కల గుంపులు బయటికొస్తుంటే గదిలో ఉన్నవాళ్లంతా కుర్చీలు దగ్గరికి జరుపుకొన్నారు.

ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లల్లో ఎందరో ప్రాజెక్టు కోసం అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల దుకాణాలకు వెళ్తారు. డబ్బు కడితే కోడ్, రిపోర్టు, బైండింగుతో సహా చేతికొస్తాయి. పిల్లలను తిట్టి ఏం లాభం? చేయదగ్గ పని, చేయించే మనిషి దొరక్క అక్కడికి వెళ్తున్నారు. ఒక్క మెట్రో స్టేషను దూరంలోనే బేగంపేట ఉంది, లక్షల నక్షత్రాలను చేత్తో కొలిచిన చోటు. ఏటా ఆస్ట్రోశాట్ భాండాగారంలోంచి ఒక్కో బృందానికి ఒక్కో నీహారికో పల్సారో ఇస్తే రెడీమేడ్ ప్రాజెక్టు కొనాల్సిన పనే ఉండదు. ఒకరికి ఇచ్చిన వస్తువు మరొకరికి ఇవ్వక్కర్లేనంత ఉంది అక్కడ.

శాస్త్రవేత్తలు చూసేసిన దాంట్లో మామూలువాళ్లకు ఏం మిగులుతుందన్న సందేహం రావచ్చు. 2007లో గెలాక్సీ జూ అనే కార్యక్రమంలో నెదర్లాండ్స్ బడిపంతులమ్మ హానీ వాన్ ఆర్కెల్ ఒక గెలాక్సీ పక్కన వింత మేఘాన్ని గమనించి ఇదేమిటని అడిగింది. ఎవరికీ తెలియలేదు. తర్వాత హబుల్‌నే దానివైపు తిప్పి చూశారు. ఆ మేఘం ఇప్పుడు ఆమె పేరుతోనే ఉంది. మన దేశంలోనూ ఆనంద హోతా 2013లో మొదలుపెట్టిన రాడ్@హోమ్ ద్వారా విద్యార్థులు, గృహిణులు, ఉద్యోగులు రేడియో చిత్రాల్లో గెలాక్సీలను వెతుకుతున్నారు. డేటా పెరిగే కొద్దీ కళ్లు చాలవు. యంత్రం నేర్చుకోవాలన్నా మొదట మనిషి చూసి చెప్పాలి.

అన్నీ ఉచితంగా ఉన్నప్పుడు గది ఎందుకు? నా చిన్నప్పుడు సూర్యాపేటలో శాఖాగ్రంథాలయం ఉండేది. పుస్తకాలు అందరివీ. కానీ మా వీధి పిల్లలం లోపలికి వెళ్లింది అక్కడి లైబ్రేరియన్ గారు గుమ్మం దగ్గర నిలబడి పిలిచినందువల్ల. ఏ బీరువాలో ఏముందో ఆయన చూపించకపోతే మేం బయటే ఆడుకునేవాళ్లం. బాల్టిమోర్ భాండాగారమూ అంతే. తలుపు తెరిచే ఉంది, లోపల ఏ అరలో ఏముందో తెలుగులో చెప్పేవాళ్లు లేరు. నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం 1985 నుంచి పిల్లలకు ఆకాశం చూపిస్తోంది, ఆ మేలు మరవలేనిది. ఇప్పుడు దాని తర్వాతి మెట్టు కావాలి.

ఖర్చు పెద్దదేం కాదు. రాయదుర్గం మెట్రో దగ్గరో టీ-హబ్ పరిసరాల్లోనో ఒక హాలు, కొన్ని కంప్యూటర్లు, సాయంత్రాల్లోనూ సెలవురోజుల్లోనూ తెరిచి ఉండే తలుపు. ఉస్మానియా ఖగోళశాస్త్ర విద్యార్థులకు జీతమిచ్చి వాళ్లనే బోధకులుగా పెట్టాలి. ఫైలు ఎలా దించాలి, ఎలా తెరవాలి, ఏది లోపం, ఏది వస్తువు అన్న విషయాలు తెలుగులో అచ్చేసి బల్లమీద ఉంచాలి. గోడ మీద నిజామియా పట్టిక పుటలు ఉండాలి, పక్కనే అదే చోటును హబుల్ చూసిన బొమ్మ ఉండాలి. బేగంపేట కట్టడాన్ని కూలిపోకముందే బాగుచేయించాలి. రంగారెడ్డి జిల్లా జాపాల-రంగాపూర్‌లో 1968లో పెట్టిన 48 అంగుళాల టెలిస్కోపు చరిత్రను కూడా ఈ గదిలోనే చెప్పాలి.

డబ్బు ఎవరిస్తారన్నదానికి జవాబు చట్టంలోనే ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. దేనికి ఖర్చు చేయవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఉంది, ప్రజాగ్రంథాలయాల స్థాపన ఉంది, రెండూ ఒకే అంశం కింద ఉన్నాయి. ఇంత దగ్గరగా సరిపోయే ఖర్చు ఈ కారిడార్‌లో మరొకటి నాకు కనిపించలేదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి ఈ నేల మీద, ఈ పిల్లల చదువు మీద సంపాదించుకున్న కంపెనీలు పదులకొద్దీ ఉన్నాయి. నలుగురు కలిస్తే ఒక్కొక్కరి వాటా చాలా చిన్నది.

మా కంపెనీ సామాజిక బాధ్యత కమిటీకి నేను ప్రతిపాదన రాసిచ్చాను. ఆ ఫారంలో లబ్ధిదారులు ఎవరన్న గడి ఉంది. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే పిల్లలు, సర్కారు బడుల్లోని భౌతికశాస్త్రం టీచర్లు, రాత్రి షిఫ్టు ముందు గంట ఖాళీ దొరికే ఉద్యోగులు, రిటైరై ఇంట్లో కూర్చున్న ఇంజినీర్లు అని రాశాను. మీ కంపెనీలోనూ అలాంటి ఫారం ఉంటుంది. వచ్చే ఆర్థిక సంవత్సరం ప్రణాళిక ఖరారయ్యేలోగా దాన్ని నింపి ఇవ్వండి. స్థలం మాటకు వస్తే, ప్రభుత్వం రాయదుర్గంలో ఒక హాలు చూపించి, బేగంపేట ప్రాంగణం మరమ్మతుకు అనుమతి ఇస్తే చాలు, మిగతాది మేం మొదలుపెడతాం.